‘నాకు నచ్చిన పుస్తకం’ ఎవరిది?

సాహిత్య పత్రికల్లో ‘నాకు నచ్చిన పుస్తకం’ అని వచ్చే వ్యాసాలకు ఒక తీరుంది. తాతగారి బీరువా, నాన్నగారు దాచిన ‘భారతి’ సంచికలు, వేసవి సెలవుల్లో అరుగు మీద ‘చందమామ’, ఆ తర్వాత కాలేజీలో శ్రీశ్రీ, చలం. రాసినవాళ్లు దీన్ని తమ సొంత అభిరుచి అనుకుంటారు. భూమి లాగా, ఇంటిపేరు లాగా అభిరుచి కూడా వారసత్వంగా వచ్చిందన్న సంగతి ఆ వ్యాసాల్లో కనబడదు. మొదటి తరం చదువుకున్న మాలాంటి వాళ్లం మా పఠనం గురించి రాయాలంటే ముందు ఈ మూసను పక్కన పెట్టాలె.

మా ఇండ్లల్ల బీరువాలు లేవు. కిరాణా దుకాణంలో చక్కెర కట్టిచ్చిన పొట్లం కాగితం ఉండేది. దాని మీద కథ సగంలో మొదలై సగంలోనే ఆగేది. తర్వాత సంక్షేమ హాస్టల్లో చేతులు మారుతూ వచ్చిన మధుబాబు ‘షాడో’ నవలలు, అట్టలు చినిగి, చివరి పేజీలు పోయి. మన పరిశోధకులు కొందరు తమ చదువును నేరుగా అంబేద్కర్ ‘కులనిర్మూలన’తో మొదలుపెట్టి చెప్తారు, షాడోను దాచేస్తరు. మేము దాచం. అన్నం గంట కూడా వినబడనంతగా పుస్తకంలో మునిగిపోవడం మాకు నేర్పింది ఆ నవలలే. 1936లో లాహోర్ నిర్వాహకులు వద్దన్నందుకు ఇవ్వకుండా పోయిన ఆ ప్రసంగాన్ని ఏకబిగిన చదివే ఓపిక అక్కడి నుంచి వచ్చిందే.

ఇక మా బతుకు మీద వచ్చిన పుస్తకాలు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)ని ఇష్టంగానే చదివాం. ఒక బ్రాహ్మణ రచయిత జైల్లో కూర్చొని మాల కుటుంబాన్ని నవలకు కేంద్రం చేయడం, దాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించడం చిన్న విషయాలు కావు. అయినా ఒక ప్రశ్న వదలదు. రామదాసు అంత భక్తుడు, అంత శాంతమూర్తి ఎందుకు కావలసి వచ్చింది? మాలల్లో దాసరి సంప్రదాయం ఉన్నదే, రచయిత కల్పించింది కాదు. కానీ కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోయినా తండ్రికి వేదాంతమే దిక్కు కావడం చూస్తే, సవర్ణ పాఠకుడి గౌరవం దక్కాలంటే మాలవాడు ముందు పరమ వైష్ణవుడు కావాలన్న షరతు కనబడుతుంది. మా హాస్టల్ మిత్రులకైతే రామదాసు కన్నా తక్కెళ్ల జగ్గడుగా మారిన వెంకటదాసే దగ్గరివాడు. షాడో చదివిన కళ్లకు అట్లా కనబడ్డాడేమో! పరిశోధన గ్రంథాల్లో ఈ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

జాషువా ‘గబ్బిలం’ (1941) మా తరగతి గదిలో ఛందస్సు దగ్గరే ఆగింది. మేఘసందేశంతో పోలిక, సందేశకావ్య లక్షణాలు చెప్పి పాఠం ముగించారు. గుళ్లోకి గబ్బిలం పోవచ్చు, అరుంధతీసుతుడు పోరాదు అన్న అసలు మాట మీద మౌనమే. శివుడికి విన్నపం చేసుకోవడమేందని అడిగే మిత్రులున్నరు. మాకు ఆ విన్నపంలో నిలదీత వినబడుతుంది.

వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) వచ్చాక మా చదువు తీరే మారింది. నల్లగొండ మాదిగ పలుకుబడిలో నడిచిన నవల. ‘అర్థం కావట్లేద’ని ఆచార్యులే అన్నారు. ప్రబంధం అర్థం కాకపోతే నిఘంటువు తిరగేసేవాళ్లు, ఇది అర్థం కాకపోతే తప్పు పుస్తకం మీద పెడతారు. మేము మా అవ్వకు కొన్ని పేజీలు పైకి చదివి వినిపించినం. అవ్వకు అక్షరం రాదు. ఎక్కడా అర్థం అడగలేదు సరిగదా, మా ఉచ్చారణ దిద్దింది: “గట్ల గాదు బిడ్డా, సాగదీసి అనాలె.” యూనివర్సిటీ మా నాలుకకు ఏం చేసిందో ఆ రోజు తెలిసింది. లంద, ఆరె, తంగేడు చెక్క వంటి మాటలతో పెరిగిన ఆమె కన్నా ఈ నవలకు అర్హత గల పాఠకురాలు ఎవరు? ఆమెను ‘నిరక్షరాస్య’ అనే సాహిత్య విమర్శ, పాఠకులంటే కండ్లతో చదివేవాళ్లే అనుకుంటున్నది.

కాబట్టి ‘కక్క’ను ఎం.ఏ. తరగతిలో చెప్పేవాళ్లు ముందు పైకి చదివించాలని మా సూచన. ఆ పలుకుబడి ఇంట్లో విన్న విద్యార్థి చదవాలె, మిగతావాళ్లు వినాలె. ఛాత్రమిత్రులు సెలవులకు పోయినప్పుడు తమ వాడల్లో ఎవరు ఎవరికి ఏ పుస్తకం చదివి వినిపించారో, వినేవాళ్లు ఎక్కడ అడ్డుపడ్డారో రాసుకొని రాగలరు. షాడో ఉన్నా సరే.