అర్జీ మన సాహిత్యం కాదా?

బొజ్జా తారకంగారిని కవిగా తలిస్తే ‘నది పుట్టిన గొంతుక’ పేరు చెబుతారు. ఆయనే రాసిన ‘పోలీసులు అరెస్టు చేస్తే’ పుస్తకాన్ని మాత్రం సాహిత్య విమర్శకులు ముట్టుకోరు. అది చట్టాల పుస్తకమట, సాహిత్యం కాదట. ఎవరికి కాదు? పోలీసుస్టేషను గడప తొక్కే అగత్యం రానివాళ్ళకి కాదు.

ఊళ్ళో దొంగతనం జరిగితే పోలీసులు ముందు మా గూడేనికే వచ్చేవాళ్ళు. మా నాన్నని అట్లాగే తీసుకుపోయి మూడు రాత్రులు ఉంచారు. కేసు లేదు, కాగితం లేదు. మా అమ్మ బయట కూర్చుని, వచ్చేపోయే ప్రతివాడికీ ‘అయ్యా, మీ కాళ్ళకి దణ్ణం పెడతా’ అంది. ఆమెకి తెలిసిన న్యాయభాష అదే. అరెస్టుకి కారణం చెప్పాలనీ, వకీలుని కలవనివ్వాలనీ, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకి తేవాలనీ రాజ్యాంగం 22వ అధికరణం అంటోంది. ఆ మాట మా అమ్మదాకా రాలేదు. బతిమాలే నోటికి అడిగే మాటనివ్వడమే ఇట్లాంటి పుస్తకం చేసే పని. దళిత సాహిత్యం పని ఇంతకన్నా వేరా?

ఒడిశాలో నీలబతి బెహరా కొడుకుని 1987లో పోలీసులు పట్టుకెళ్ళారు. మర్నాడు రైలుపట్టాల మీద శవమై కనిపించాడు. ఆ తల్లి సుప్రీంకోర్టుకి ఉత్తరం పంపింది. కోర్టు దాన్నే రిట్ పిటిషనుగా తీసుకుని, ప్రభుత్వం ఆమెకి లక్షన్నర రూపాయలు ఇవ్వాలని 1993లో తీర్పు చెప్పింది. ఆ ఉత్తరం ఏ ప్రక్రియ కిందికి వస్తుందో మన విమర్శకులు చెప్పాలి.

అయితే పుస్తకం ఒక్కటే చాలదు. హక్కు అడిగినవాడికి ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి. పక్కన వకీలుండాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం 1995లో అమల్లోకొచ్చింది. ఆదాయంతో పనిలేకుండా ఎస్సీ, ఎస్టీలకి ఉచితంగా వకీలునివ్వాలంటుంది దాని 12వ సెక్షను. కానీ కొట్టింది ప్రభుత్వమైనప్పుడు, ఆ వకీలుకి ఫీజిచ్చేదీ ప్రభుత్వమే. గట్టిగా నిలబడేవాళ్ళు లేకపోలేదు. అయినా ఈ ముడి ముడిగానే ఉంది. 1985లో కారంచేడు తర్వాత తారకంగారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. ఆ పుస్తకాన్ని ఈ రాజీనామాతో కలిపి చదవాలి. అప్పుడే అది ఎవరి పక్కన నిలబడి మాట్లాడుతోందో తెలుస్తుంది.

లా చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన గూడేల నుంచి వెళ్ళిన అర్జీల నకళ్ళు దాచండి. కవితల పక్కనే వాటినీ అచ్చేద్దాం. విమర్శకులు అప్పుడు ముట్టుకోక తప్పదు.