పెన్న ఒడ్డున స్తుతి

స్తుతీ, నిన్ను నేను మొదట విన్నది గుడిలో కాదు, మా అవ్వ పొయ్యి దగ్గర. ఆదివారం తెల్లారకముందే లేచి, తలకు పోసుకొని, తడి జుట్టు కొసన ముడేసుకొని, సంగటి కెలుకుతూ సన్నగా రాగం తీసేది. తెడ్డు తిరిగే తీరే ఆమెకు తాళం. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, పుటమీద పడిన నూనె మరకను బట్టి అక్కడ ఏ పాట ఉందో చెప్పేది. పల్లవి ఎత్తుకుందంటే ఆఖరి చరణం దాకా కళ్ళు తెరిచేది కాదు.

ఇది పెన్న ఒడ్డు. జమ్మలమడుగునూ ప్రొద్దుటూరునూ ఆనుకొని పోయే ఈ ఏటిలో ఏడాదిలో చానా నెలలు ఇసుకే కనపడుతుంది. నల్లరేగడిలో బుడ్డశనగ వేసి మబ్బుకేసి చూసే ఊళ్ళు ఇవి. పులివెందుల దిక్కు బోరు ఎండి చీనీచెట్లు కొట్టేసిన నాడు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఇట్లాంటి నేలమీద నువ్వెట్లా మొలిచావు తల్లీ! వాన పడినాక పాడితే అది సంతోషం. పడకముందే పాడితే, అది నువ్వు. చెట్టు కాయకున్నా, చేను పండకున్నా, దొడ్డి ఖాళీ అయినా తన దేవునిలో ఉల్లసిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాట చదివినప్పుడల్లా, ఆయన మా సీమలో సేద్యం చేసినవాడేమో అనిపిస్తుంది నాకు.

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ పల్లెల్లో మాలవాడలు కుటుంబాలు కుటుంబాలుగా క్రీస్తు వైపు కదిలాయి. దీని గురించి కరువనీ గంజి అనీ తేలిగ్గా మాట్లాడేవాళ్ళున్నారు. కరువు నిజమే, గంజీ నిజమే. కానీ గంజి తాగినవాడు తాగి వెళ్ళిపోవచ్చు గదా, కూర్చొని పాట ఎందుకు నేర్చుకున్నట్టు? ఊరి గుడి గడప తొక్కనివ్వని మనిషి అతను. దేవుని పేరు దూరంగా నిలబడి చెవిన వేసుకోవడమే తప్ప, దేవునికి ఎదురుగా నిలబడి తన నోటితో తాను పలికింది లేదు. అతని నాలుకమీదికి వచ్చావు నువ్వు. నడుమ ఎవరూ లేరు, కులం అడిగినవాళ్ళు లేరు. ఆ మొదటి ఆదివారం అతని గొంతు ఎంత వణికి ఉంటుందో, బెంచీల మీద ఆనుకొని కూర్చున్న మనకు అందదు. మా అవ్వకు అందింది. వాళ్ళ నాయన ఆ పాటల్ని నిలబడే పాడేవాడట. కూర్చొని పాడమంటే ఒప్పుకొనేవాడు కాదట.

నువ్వు పరాయి బాణీతో వచ్చినా, ఇక్కడ నిలిచింది మాత్రం మా బాణీలోనే. పదకవితా పితామహుడు అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఈ సీమదే. కీర్తన అన్న మాట ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. దావీదు పాటల గ్రంథానికి తెలుగు బైబిల్లో ఉన్న పేరూ కీర్తనలే. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి, పల్లవులూ చరణాలూ కట్టి క్రీస్తును తెలుగు రాగాల్లో పాడాడు. ఆయన ఉత్తరాంధ్ర దిక్కువాడు. ఆయన పాటలు మాత్రం ఏ రైలూ లేని మా పల్లెలకూ నడిచొచ్చాయి. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి.

మా ప్రార్థన గుడి లోపల నేలంతా నాపరాయి, మా ఎర్రగుంట్ల దిక్కు గనుల్లోదే. వైశాఖం ఎండలోనూ మోకాలు ఆనిస్తే చల్లగా తగులుతుంది. చెప్పులు బయట విడిచి, కొంగు తలమీదికి లాక్కొని ఆడవాళ్ళు ఒక పక్కన కూర్చుంటారు. డోలక్ మీద చెయ్యి పడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ ఆ తర్వాత వస్తుంది. సువార్తికుడు భక్తసింగ్ గారి సహవాసపు కూటాల్లో దాన్ని ఆరాధన అనే అంటారు. రొట్టె విరిచే ముందు, ఎవరికి లోపల కదిలితే వాళ్ళు లేచి నిలబడి దేవుణ్ణి స్తుతిస్తారు. ముందు ఒక ముసలాయన లేస్తాడు. నాలుగు మాటలు పలికి గొంతు పూడిపోయి కూర్చుంటాడు. బంగారు అంగట్లో పనిచేసే పిల్లవాడు లేస్తాడు, తర్వాత ఇళ్ళల్లో అంట్లు తోమే తల్లి. ఆమె వడ్డీల సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆ ఘడియలో ఆమె వాటి ఊసెత్తదు. అడిగే ప్రార్థనకు వేరే వేళ ఉంది. ఇప్పుడు మాత్రం ఆయన ఎవరో, ఎంత మంచివాడో, అంతే చెప్పి కూర్చుంటుంది. వారమంతా ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడగక తప్పని మనిషి, ఏమీ అడగకుండా నిలబడిన నిమిషం అది. దొరసానిలా కనిపిస్తుంది నాకు.

అందుకే, నిన్ను బేరానికి పెట్టే మాటలు వింటే కడుపు రగులుతుంది. ఇంత స్తుతిస్తే అంత వస్తుందని చెబుతున్నారు. నువ్వు వడ్డీకి తిప్పే సొమ్మువి కావు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో నగను గీటురాయి మీద గీసి చూస్తారు. నీకు గీటురాయి చెరసాల, చావిల్లు. ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిన్న వీపులతో, కాళ్ళు బొండలో ఉండగా, నడిరాత్రి పౌలు, సీలలు పాడింది నిన్నే. తలుపులు తెరుచుకున్నది ఆ తర్వాత. తెరుచుకుంటాయని తెలిసి పాడలేదు వాళ్ళు.

జమ్మలమడుగులో 1890లలో క్యాంబెల్ దొర పెట్టిన మిషను ఆసుపత్రిలోనే మా ఇంట్లో సగంమంది పుట్టారు. పుట్టిన ప్రతి బిడ్డకూ తొలి జోల అవ్వ పాడిన కీర్తనే.

ఆ అవ్వ పోయిన రాత్రి కరెంటు లేదు. సంఘమంతా వచ్చి వసారాలో చాపల మీద కూర్చుంది. మా చిన్నమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఎవరో లాంతరు దగ్గరికి జరిపి, అవ్వ పుస్తకం తీసి, నూనె మరకలున్న పుట ఒకటి తెరిచారు. పల్లవి రెండుసార్లు తెగిపోయింది, ఎవరికీ గొంతు పెగల్లేదు. మూడోసారి అందుకున్నది చిన్నమ్మే. పడుకున్నచోటి నుంచే, కళ్ళు తెరవకుండా. తెల్లవారే దాకా ఆపలేదు వాళ్ళు. ఆ రాత్రి మా దుఃఖం ఏమీ తగ్గలేదు స్తుతీ, అబద్ధం చెప్పను. కానీ అంత దుఃఖంలోనూ మేము దిక్కులేనివాళ్ళం కాలేదు.

చదువుతున్న అన్నల్లారా, అక్కల్లారా, ఒక్క మనవి. వచ్చే ఆదివారం మీ వెనక వరసలో కొత్తగా వచ్చినవాళ్ళెవరో శ్రుతి తప్పి, తాళం తప్పి గట్టిగా పాడుతుంటే, వెనక్కి తిరిగి చూడకండి. పాడనివ్వండి.