పచ్చ టిక్కు

2018 ఏప్రిల్‌లో ఎథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడిచే బీఈసీ అనే టోకెన్‌ను ఒక్క గుణకారం ముంచేసింది. ఒకేసారి పలువురికి టోకెన్లు పంపే ఫంక్షన్ అది. ఎందరికి, తలా ఎంత అన్న రెండు అంకెల్నీ గుణించి, పంపేవాడి ఖాతాలో అంత ఉందో లేదో చూసుకుంటుంది. దొంగ రెండు ఖాతాలిచ్చి, ఒక్కోదానికి 2 ఘాతం 255 యూనిట్లు పంపమన్నాడు. గుణిస్తే 2 ఘాతం 256. మొత్తాన్ని రాసుకునే గడిలో అది పట్టదు. పాత స్కూటరు మీటరు 99999 దాటగానే సున్నాలకొచ్చినట్టు, మొత్తం సున్నా అయి కూర్చుంది. ఖాతాలో సున్నా ఉందా? ఎవరికి లేదు! ఆ రెండు ఖాతాల్లో లెక్కకందనన్ని టోకెన్లు జమయ్యాయి.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏంటంటే, ఆ కిందనే ఉన్న కూడికకీ తీసివేతకీ కాపలా పెట్టారు. గుణకారాన్ని మాత్రం వదిలేశారు.

టెస్టులు ఎన్ని రాసినా సరిగ్గా ఆ అంకే తగలాలంటే అదృష్టం ఉండాలి. ఫార్మల్ వెరిఫికేషన్‌లో మేం ఒక రూలు రాసిస్తాం: ఎవరు ఎవరికి ఎంత పంపినా అందరి నిల్వల మొత్తం మారకూడదు. ప్రూవర్ అనే సాధనం ఆ కోడ్‌ను సమీకరణాలుగా మార్చి, రూలు తప్పే దారి వెతుకుతుంది. దొరికితే ఆ అంకెల్నే మన ముందు పెడుతుంది. (2020 డిసెంబర్‌లో వచ్చిన సాలిడిటీ 0.8 నుంచి ఈ ఓవర్‌ఫ్లోను భాషే ఆపుతోంది, అది వేరే మాట.)

కష్టమంతా రూలు రాయడంలోనే. సరైన రూలు రాస్తే ఏళ్ళ నాటి నమ్మకంలోని లోపం కూడా బయటపడుతుంది. డాయ్ అనే స్టేబుల్‌కాయిన్‌ని నడిపే మేకర్ కోడ్‌లో ఒక మూల సమీకరణం ఉంది: డాయ్ మొత్తం అప్పుల మొత్తానికి సరిపోవాలి. అది ఎన్నడూ తప్పదనే ఏళ్ళ తరబడి నమ్మారు. 2022లో సెర్టోరా అనే ప్రూవర్ అది తప్పే సందర్భాన్ని చూపించింది.

ఇక నా నిర్వాకం. మొన్న ఒక స్మార్ట్ కాంట్రాక్టులో విత్‌డ్రా ఫంక్షన్‌కి రాసిన రూలు మొదటిసారే పచ్చ టిక్కుతో వచ్చింది. మొదటిసారే వస్తే నాకు అనుమానం. నిల్వ తగ్గించే లైను కావాలని తీసేసి మళ్ళీ నడిపాను. అప్పుడూ పచ్చే! తీరా చూస్తే, ఖాతాలో నిల్వ సున్నా అనీ, అందులోంచి ఎంతో కొంత తీశారనీ నేనే రెండు పొసగని షరతులు పెట్టాను. అలాంటి సందర్భమే ఉండదు కాబట్టి ప్రూవర్‌కి తప్పు దొరకలేదు. షరతు దిద్దాక ఎర్రగా ఆగింది.

ఏదైనా ఆడిట్ రిపోర్టులో ‘ఫార్మల్‌గా వెరిఫై చేశాం’ అని కనిపిస్తే, ఏ రూళ్ళు రాశారో ఆ జాబితా అడిగి చూడండి.