సీరీస్ దీపము ఎరుగని దోషము

ఏండ్ల తరబడి అటకపై నున్న కంప్యూటరును దించి, దుమ్మైనను దులుపక ప్లగ్గు పెట్టబోయిన మిత్రుని కుమారుని ఈ వారము చేయిపట్టి ఆపవలసి వచ్చినది. “ఒకసారి పెట్టి చూద్దాం బాబాయిగారూ, పోతే పోతుంది” అనుట ఈ కాలపు పరీక్షావిధానము. పోవునది పవరు సప్లై ఒక్కటే యైనచో నాకును అభ్యంతరము లేదు. ఆ యంత్రము బీబీసీ మైక్రో. 1984లో ఆరంభమైన క్లాస్ పథకమున మన దేశపు బడులకు వచ్చిన జాతి.

నా సీరీస్ దీపభక్తి నెరిగిన పాఠకులు ఇప్పటికే నవ్వుకొనుచుందురు. వాల్వు రేడియోల కాలమున మా వీధి మెకానిక్కు ఏ సెట్టును నేరుగా కరెంటునకు తగిలించెడివాడు కాడు. చెక్కబోర్డుపై హోల్డరు, అందు నూరు వాట్ల బల్బు, ప్రక్కనొక సాకెట్టు; బల్బును దాటియే విద్యుత్తు సెట్టును చేరవలయును. లోపల షార్టున్నచో బల్బు నిండుగా వెలుగును గాని ట్రాన్స్‌ఫార్మరు మాడదు. లేనిచో క్షణము మెరసి మందగించును. మూత తీయకయే, ఆ వెలుగు తీరును బట్టి ఆయన రోగము చెప్పుచుండగా మేము నోళ్లు తెరచి చూచెడివారము. ఎల్ఈడీ దీపము ఈ పనికి రాదు. కావుననే ఫిలమెంటు బల్బులను నేడును దాచుకొనుచున్నాను.

బోర్డు తెచ్చితిని. సప్లైని కంప్యూటరునుండి విడదీసి, ఐదు వోల్టుల తీగకు ఐదు ఓములు, పది వాట్ల రెసిస్టరును లోడుగా తగిలించితిని. లోడు లేనిదే కొన్ని స్విచింగు సప్లైలు నడువనే నడువవు. మీటరు 4.75కును 5.25కును నడుమ చూపవలయును. కమొడోర్ 64 అడాప్టరు ఈ హద్దు మీరి మెమరీ చిప్పులను చంపుటలో ప్రసిద్ధము, అప్పుడు దీపము కిమ్మనదు.

స్విచ్చి వేయుటకు ముందు మూత తీయగా, మెయిన్సుకు అడ్డముగా నుండు రీఫా కాగితపు కండెన్సరుపై సన్నని పగుళ్లు కనబడినవి. వానిగుండా తేమ లోనికి చేరును. కరెంటు తగిలిన అరగంటకో మరునాటికో కంపుగొట్టు పొగ గ్రక్కును. అంతవరకు దీపమును మీటరును దానిని నిర్దోషి యనుచునే యుండును. ఇది పరీక్షింపదగినది కాదు, మొదటనే కోసివేయదగినది. అదే విలువగల ఎక్స్2 తరగతి కండెన్సరు వేయువరకు స్విచ్చి ముట్టరాదంటిని.

“అయితే ఈ బోర్డెందుకు?” అని కుర్రవాడు.

నా సోల్డరింగును పరీక్షించుటకు.