పద్నాలుగు రోజులు దాటితే

పిల్లలకు వచ్చే విరేచనాల్లో ఎక్కువభాగం వారం తిరిగేసరికి కట్టుకుంటాయి. 14 రోజులు దాటినా కట్టుకోని వాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా లెక్కిస్తుంది. మెల్లగా మొదలై, వస్తూ పోతూ నెలల తరబడి సాగేవి ఇంకో రకం. మొదటి వారంలో భయమంతా ఒంట్లో నీరు ఇంకిపోతుందని. మూడో వారానికి వచ్చేసరికి అసలు ముప్పు మారిపోతుంది. నీటికంటే బరువు ఎక్కువ పోతుంటుంది. మందు కోసం తిరిగే ఇళ్లలో చాలామంది గమనించనిది ఈ మార్పునే.

లెక్క మొదలుపెట్టే ముందు, అవి నిజంగా విరేచనాలేనా అన్నది చూసుకోవాలి. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డ పాలు తాగిన ప్రతిసారీ పల్చగా వెళ్లినా, బరువు పెరుగుతూ ఉంటే అది జబ్బు కాదు. నాలుగైదేళ్ల పిల్లవాడు తెలియకుండా బట్టలు పాడుచేసుకుంటుంటే దాని వెనుక మలబద్ధకం ఉండొచ్చు. గట్టిపడ్డ మలం చుట్టూ పల్చటిది జారి బయటికొస్తుంది. అలాంటి పిల్లలకు విరేచనాలు ఆపే మందు ఇస్తే జబ్బు ముదురుతుంది.

విరేచనాలు మొండికేయడానికి కారణం చిన్నపేగు లోపలి పొరలో ఉంది. ఆ పొర నిండా నారుమడిలా సన్నటి మొలకలుంటాయి. తిన్నది ఒంటబట్టేది వాటి ద్వారానే. క్రిములు వాటిని దెబ్బతీస్తే కొత్తవి మొలవాలి. మొలవడానికి మాంసకృత్తులు, జింకు, ఫోలిక్ యాసిడ్ వంటివి కావాలి. పిల్లవాడు అప్పటికే బలహీనంగా ఉంటే అవి అందవు. పేగు మానదు, మానని పేగుకు తిన్నది పట్టదు, పట్టక ఇంకా చిక్కిపోతాడు. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఆ మొలకల కొసల్లోనే ఉంటుంది కాబట్టి ముందు పోయేదీ అదే. పుల్లటి వాసనతో, నురగతో వెళ్లడం, మలద్వారం చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోవడం దాని గుర్తులు.

ఈ పేగు జబ్బు సంగతి గోదావరి జిల్లాలకు ఒక ఇంటి కథగా కూడా తెలుసు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. మన పాత వైద్యులు గ్రహణి అని పిలిచిన జబ్బులకు ఇది దగ్గరి చుట్టం. ఎడతెగని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, చివరికి ఎముకల గూడు. సుబ్బారావు తానూ అదే జబ్బున పడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో లేచారు. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదివి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఏడాది తిరిగేలోగా క్యూబా, ప్యూర్టో రికోలలో స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. ఆకలి పుట్టింది, నాలుక మానింది, బరువు పెరిగింది. స్ప్రూ పెద్దవాళ్లలోనే ఎక్కువ. అయినా మొండి విరేచనాలు పట్టిన చంటిపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పోషకాల జాబితాలో విటమిన్ ఎ, జింకు, రాగి, మెగ్నీషియంతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది.

ఇక ఈ జబ్బుకు దారితీసే నీటి సంగతి. గోదావరి డెల్టాలో నీటికి కొదవలేదు. ఇబ్బందంతా తాగే నీటితోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ పంటకీ తాగడానికీ కాలువే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. తీరం వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లు. వరదల్లో లంక గ్రామాల్లో నీళ్లన్నీ ఏకమవుతాయి. ఇలాంటి నీటిలో వచ్చే జియార్డియా అనే సూక్ష్మజీవి వారాల తరబడి కడుపుబ్బరం, జిడ్డుగా, కంపుకొట్టే విరేచనాలు తెస్తుంది. మామూలు క్లోరిన్ మోతాదుకు అది తేలిగ్గా చావదు, మరిగిస్తే చస్తుంది. పరీక్షలో బయటపడితే దానికి మందుంది. ఏ క్రిమో తెలియకుండా యాంటీబయాటిక్ మార్చి మార్చి పోయడం మాత్రం పేగులోని మంచి సూక్ష్మజీవులకే చేటు.

తిండి దగ్గరే మన ఇళ్లు ఎక్కువ పొరపాటు పడతాయి. లంఖణం పరమౌషధం అన్నమాట అజీర్ణం చేసిన పెద్దలకు సరిపోతుందేమో, ఎనిమిది కిలోల పిల్లవాడికి కాదు. పల్చటి గంజి, బార్లీ నీళ్లతో పదిరోజులు గడిపితే విరేచనం తగ్గినట్టే కనిపిస్తుంది. తినేదే లేనప్పుడు వెళ్లడానికేముంది? మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కలిపి మెదిపిన అన్నం, రెండు చెంచాల నూనె, ఉడికిన గుడ్డు కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టాలి. తల్లిపాలు ఎప్పుడూ ఆపకూడదు. పోతపాలు పూర్తిగా మాన్పించక్కర్లేదు. కిలో బరువుకు రోజుకు 50 మిల్లీలీటర్లు మించకుండా, అన్నంలో కలిపి ఇస్తే చాలామంది తట్టుకుంటారు. పెరుగు ఇంకా నయం, తోడుకునేటప్పుడే పాలచక్కెర కొంత తగ్గిపోతుంది.

అరటికాయ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఉడికించిన పచ్చి అరటికాయను అన్నంతో కలిపి పెట్టిన చంటిపిల్లలకు మొండి విరేచనాలు త్వరగా తగ్గాయి. అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లాలుగా మారుస్తాయి, వాటి వల్ల పెద్దపేగు ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకుంటుంది. రావులపాలెం మార్కెట్టుకు గెలలు తోలే ఊళ్లలో ఇది దొరకని వస్తువు కాదు.

నీరు పోతున్నంతకాలం ఓఆర్ఎస్ తప్పదు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం పొట్లం పోయకూడదు. కోనసీమలో చేతికందే కొబ్బరినీళ్లు దానికి బదులు కావు. వాటిలో పొటాషియం మెండు, సోడియం తక్కువ. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్మిన తీపి డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఓఆర్ఎస్‌తో పాటు జింకు 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆపడానికి పెద్దలు వేసుకునే లోపరమైడ్ బిళ్ల పిల్లలకు ఇవ్వకూడదు.

కొందరు పిల్లలు రోజుకు నాలుగుసార్లు పల్చగా వెళ్తారు, తిన్న కూర ముక్కలూ అందులో కనిపిస్తాయి, కానీ ఆటపాటల్లో, బరువులో ఏ లోటూ ఉండదు. ఇలాంటివి ఒకటి నుంచి ఐదేళ్ల లోపు వస్తాయి, ఎక్కువగా పండ్లరసం డబ్బాలు, కూల్‌డ్రింకులు తాగేవాళ్లలో. అవి మాన్పిస్తే చాలు. గోధుమ పడని సీలియాక్ జబ్బు వరి తినే మన ప్రాంతంలో అరుదు. అయితే ఇప్పుడు బిస్కెట్లు, రొట్టెల రూపంలో గోధుమ ప్రతి ఇంట్లోకీ వచ్చింది కనుక, ఎదుగుదల ఆగిన పిల్లవాడిలో వైద్యులు దాన్నీ పరీక్షిస్తారు. ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం, పేగుపూత, హెచ్ఐవి వంటి కారణాలు తేల్చడానికి పెద్దాసుపత్రి అవసరం.

తిండి మార్చాక ఏడు రోజులు చూడాలి. మూడు రోజులు వరుసగా బరువు పెరిగితే దారిలో పడ్డట్టే. అంగన్‌వాడీలో తూకం వేయించి ఎదుగుదల కార్డులో రాయిస్తే సరిపోతుంది. పెరగకపోతే పాలు పూర్తిగా తీసేసిన ఆహారం వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. మలంలో రక్తం, జ్వరం, పాదాల వాపు, లోతుకుపోయిన కళ్లు, మూత్రం తగ్గడం, ఏమీ తాగలేకపోవడం కనిపిస్తే, లేదా ఆరు నెలల లోపు బిడ్డైతే, ఈ వారం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరేచనాలు కట్టుకున్న తర్వాత కూడా కనీసం నెలరోజులు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టాలి.