ట్రేలో గుండె, పుస్తకంలో గుండె

మెదక్‌లో ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు నాయిన పక్కన నిలబడే పిల్లలకు ఒంటి లోపలి సంగతులు చాలానే తెలుసు. కార్జం ఎక్కడుంటుందో, బోటి ఎంత పొడుగొస్తుందో, ఒక మేకకు గుర్దాలు ఎన్నుంటాయో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. తిల్లిని చూపించి కార్జం అంటే పకపకా నవ్వుతారు. అదే పిల్లలు పదో తరగతి గదిలో కాలేయం, ప్లీహం, మూత్రపిండం అని చదివేటప్పుడు మాత్రం అదేదో తమకు సంబంధం లేని వ్యవహారమన్నట్టు గోడ మీది చార్టు వైపు చూస్తారు. జీవశాస్త్రం టీచరుగా నా పనిలో సగం ఈ రెండు చదువులనూ ఒకచోటికి తేవడం. మిగతా సగం మార్కులు వేయడం. ఈ వారం ఆ మార్కుల గురించే రాస్తాను. మనం దేనికి మార్కు వేస్తామో దాన్నే పిల్లలు చదువు అనుకుంటారు కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

పదో తరగతికి శరీర నిర్మాణ శాస్త్రం అని విడిగా సబ్జెక్టు లేదు. అయినా తెలంగాణ జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి అని వరసగా వచ్చే పాఠాల్లో, మొక్కల సంగతి పక్కన పెడితే, ఉన్నదంతా మన ఒళ్లే. పబ్లిక్ పరీక్షలో సైన్సుకు 80 మార్కులు. అందులో జీవశాస్త్రం వాటా 40. పైన మిగిలిన 20 మార్కులు బడిలో మేం వేసేవి. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే ఎఫ్‌ఏలు జరుగుతాయి, వాటి సగటు పైకి వెళుతుంది. ఒక్కో ఎఫ్‌ఏలో తరగతిలో పాల్గొన్నందుకు 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5.

ఈ లెక్కల వెనక ఏడు విద్యా ప్రమాణాలున్నాయి. పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లోనే అచ్చువేసి ఉంటాయి, చాలామంది చదవకుండా తిప్పేస్తారు. విషయావగాహన వాటిలో ఒకటి మాత్రమే. ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఒకటి. ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు ఒకటి. బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం ఇంకొకటి. ఆ జాబితా తయారుచేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. బట్టీకి దొరకని పనులకు కూడా మార్కులుండాలని వాళ్లు పట్టుబట్టారు. ఆ మార్కులను ఎంత నిజంగా వేస్తామన్నది మాత్రం మా చేతిలోనే ఉంది.

అందుకే జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పిల్లలకు నా పద్ధతి చెప్పేస్తాను. గైడులోంచి దించుకొచ్చిన ప్రాజెక్టుకు మార్కు లేదు. రంగు పెన్సిళ్లకు, అట్టకు, మెరిసే కాగితానికి మార్కు లేదు. స్పెల్లింగు తప్పుకు కోత లేదు. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, రెండూ కలిపి రాసినా చెప్పదలుచుకున్నది తెలిస్తే చాలు. ప్రయోగం రోజున చూసిందే గీయాలి, చూసిందే రాయాలి. కనబడనిది గీస్తే మార్కు పోతుంది. కనబడలేదని రాస్తే పోదు. ఈ చివరి మాట దగ్గర పిల్లలు తలెత్తి చూస్తారు. కనబడలేదని ఒప్పుకుంటే మార్కు పోదన్న మాట వాళ్లు అప్పటిదాకా విని ఉండరు.

ప్రసరణ పాఠం వచ్చినప్పుడు ఈ పద్ధతికి అసలు పరీక్ష మొదలవుతుంది. మేక గుండెనో గొర్రె గుండెనో తెచ్చి, కోసి చూడమని పాఠ్యపుస్తకమే చెబుతుంది. అది దొరకకపోతే పెద్ద కోడి గుండె అయినా సరే అంటుంది. స్ట్రాలు, నీళ్ల తొట్టి, ఒకవైపు పదునున్న బ్లేడు, కత్తెర, ఫోర్సెప్స్ ఉంటే చాలు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే షాపులో గుండెను ఇచ్చేటప్పుడు అలవాటు కొద్దీ ఓ కోత పెట్టి, పైన గొట్టాలు కత్తిరించి, కొవ్వు తీసి శుభ్రంగా ఇస్తారు. వండుకోవడానికి అదే మంచిది, మా పనికి పనికిరాదు. కాబట్టి ముందు రోజే వెళ్లి చెప్పి రావాలి. "భయ్యా, గుండెకాయకు గాటు పెట్టకు. పైన గొట్టాలు పొడుగ్గ ఉంచు." "కొవ్వు గూడ తియ్యద్దా మేడం?" "తియ్యద్దు. కొవ్వు గూడ పిల్లలు చూడాలె." ఒకసారి అర్థమైతే తర్వాత వాళ్లే గుర్తుపెట్టుకుని పక్కన తీసిపెడతారు. మా ప్రయోగశాల నడుస్తున్నదంటే అందులో వాళ్ల పుణ్యం చాలా ఉంది.

ట్రేలో పెట్టిన గుండె చార్టులోని గుండెలా ఉండదు. చార్టులో సగం ఎరుపు, సగం నీలం. ఇక్కడ మొత్తం ఒకే ముదురు గోధుమ రంగు, దాని మీద తెల్లగా కొవ్వు, ఆ కొవ్వు కింద పాకే సన్న నాళాలు. కర్ణికలు ముడుచుకుపోయి చెవి తమ్మెల్లా పక్కకు వాలి ఉంటాయి. మొదట కోయనివ్వను. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి రెండు వైపులా నొక్కమంటాను. ఒక వైపు మెత్తగా లోపలికి పోతుంది, ఇంకో వైపు గట్టిగా ఎదురు నిలుస్తుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక. ఒళ్లంతటికీ రక్తం తోయాల్సింది అదే కనక దాని గోడ కుడి జఠరిక గోడకు సుమారు మూడింతల మందం. ఈ మాట పుస్తకంలో ఒక వాక్యం. వేలితో నొక్కి తెలుసుకున్న పిల్ల దాన్ని మళ్లీ చదువుకోనక్కర్లేదు.

తర్వాత స్ట్రాలు. ఏ గొట్టంలో పెడితే ఏ గదిలో తేలుతుందో చూడాలి. బృహద్ధమనిలో పెట్టిన స్ట్రా కొంత దూరం పోయి ఆగుతుంది. ఎందుకు ఆగిందో కోసి చూస్తే మూడు అర్ధచంద్రాకార కవాటాలు కనబడతాయి. జఠరిక తెరిస్తే కవాటాల అంచుల నుంచి కండరానికి కట్టినట్టున్న తెల్లటి సన్న తాళ్లు. ఫోర్సెప్స్‌తో లాగి చూడమంటాను, అంత సన్నవి అంత గట్టిగా ఉంటాయని ఎవరూ అనుకోరు. చివరగా నడుమ గోడ. "ఈ గోడకు రంధ్రం ఉందా? వెతికి చెప్పండి" అంటాను. కుడివైపు నీళ్లు పోసి ఎడమవైపు వస్తాయేమో చూస్తారు. రావు. జఠరికను నొక్కితే పుపుస ధమనిలోంచి చిమ్ముతాయి, ముందు నిలబడ్డవాళ్ల చొక్కాలు తడుస్తాయి.

ఈ రంధ్రం ప్రశ్న నేను ఊరికే అడగను. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్, ఎక్కువగా కోతులనూ పందులనూ కోసి చూసినవాడు, ఆ గోడలో కంటికి కనబడని రంధ్రాలుంటాయనీ రక్తం వాటిలోంచి కుడి నుంచి ఎడమకు పోతుందనీ రాశాడు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ అల్-నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని రాసినా యూరప్‌లో గాలెన్ మాటే చెల్లింది. 1543లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, మనిషి శరీరాన్ని తన చేతులతో కోసి చూసి మహాగ్రంథం అచ్చువేసిన వెసాలియస్ కూడా అందులో ఈ రంధ్రాల సంగతి తేల్చి చెప్పలేదు. 1555 నాటి రెండో కూర్పులో గాని గట్టిగా కాదనలేకపోయాడు. 1628లో విలియం హార్వే ప్రసరణను నిరూపించాడు. 1661లో మాల్పీజీ సూక్ష్మదర్శినిలో కేశనాళికలు చూశాకే ఆ కథ పూర్తయింది. పధ్నాలుగు వందల ఏళ్లపాటు అంతంత పండితులు గుండెను ముందు పెట్టుకుని పుస్తకంలో ఉన్నదే చూశారు. కనబడనిది గీస్తే మార్కు తీసేస్తానని నేను మొండికేసేది ఇందుకే. గోధుమ రంగు గుండెను ముందు పెట్టుకుని నీలి రంగు పూసే పిల్లవాడిని "నీలం ఎక్కడ చూసినవ్ బిడ్డా?" అని అడుగుతాను. వాడు మళ్లీ ట్రే వైపు చూస్తాడు. నాకు కావలసింది ఆ చూపు.

పబ్లిక్ పరీక్ష సంగతేమిటని మీరడగొచ్చు. అక్కడ పటం గీసి భాగాలు గుర్తించమంటారు, పుస్తకంలోని పటమే గీయాలి. నిజమే. అందుకని నోట్‌బుక్కులో రెండు బొమ్మలు వేయిస్తాను. ఎడమ పేజీలో ట్రేలో చూసింది, పుస్తకం సంచిలో పెట్టేశాక. కుడి పేజీలో పుస్తకంలోది, మర్నాడు. రెండింటికీ తేడా ఏమిటో కింద రాయాలి. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు కింద ఎడమ పేజీకీ ఆ తేడాలకే ఎక్కువ విలువ. నా అనుభవంలో ఎడమ పేజీ బాగా గీసినవాళ్లకు కుడి పేజీ గుర్తుంచుకోవడం కష్టం కాలేదు.

మాంసం ముట్టని ఇళ్ల పిల్లలూ, ఉపవాసాలున్న పిల్లలూ, రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లలూ ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లను ట్రే దగ్గరికి రమ్మని ఒత్తిడి చేయను, ఒక్క మార్కు కూడా తగ్గించను. వాళ్లకు వేరే పని ఉంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాలి, గ్రౌండు చుట్టూ పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టాలి. కాగితం గొట్టంలా చుట్టి తోటి పిల్లల గుండె చప్పుడు వినాలి. 1816లో లెనెక్ స్టెతస్కోపుకు దారి వేసింది అలా చుట్టిన కాగితంతోనే. గుండె నమూనాను విప్పి చూసి బొమ్మ గీయాలి. ఇదేమీ తేలిక పని కాదు, అంకెలు ఊహించి రాస్తే ఇట్టే తెలిసిపోతుంది. మా తరగతిలో ఏ ప్రాణినీ చంపం. డిగ్రీ జువాలజీలోనే జంతువుల కోతలు వద్దని యూజీసీ 2014లో ఆదేశించింది. మేం తెచ్చుకునేది ఎలాగూ వంటింటికి పోయే అవయవాన్ని.

ట్రే చుట్టూ నిలబడ్డప్పుడు వెకిలి నవ్వులు, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకోవడం, ఫోన్‌లో ఫొటోలు ఉండకూడదు. పాల్గొన్నందుకు వేసే 5 మార్కుల్లో దీన్ని కూడా చూస్తాను. 2024లో మన ఊళ్లోనే 50 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడ మొదటి ఏడాది అనాటమీ హాలులో మృతదేహం ముందు నిలబడి, దాన్ని తమ మొదటి గురువుగా గౌరవిస్తామని ప్రమాణం చేస్తారని మా పిల్లలకు చెబుతుంటాను. ఆ హాలుకు పోవాలంటే నీట్ రాయాలి. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఇంటర్ రెండో ఏడాది జువాలజీలో ఎక్కువ భాగం మనిషి శరీరమే. పదిలో వేలితో నొక్కి నేర్చుకున్నది అక్కడ అక్కరకొస్తుంది.

ఇక ఆ 20 మార్కుల గొడవ. అందరికీ 20కి 20 పంచేస్తున్నారన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. 2024 నవంబరులో ప్రభుత్వం వాటిని ఎత్తేసి పూర్తిగా 100 మార్కులకు పరీక్ష పెడతామంది, ఆ ఏడాదికి వాయిదా వేసింది, 2025-26కు కూడా పాత పద్ధతినే కొనసాగించింది. పంచేసే మార్కులను ఎత్తేయాలన్న కోపం నాకర్థమవుతుంది. కానీ ఎత్తేస్తే ట్రే కూడా పోతుంది. మార్కు లేని పనికి గంట కేటాయించమంటే ఏ బడీ ఒప్పుకోదు. ఉంచాలి, నిజంగా వేయాలి. నేను కోరేది ఇంతే.

నిజంగా వేస్తే ఎవరికి నష్టం? ఈ ప్రశ్న నన్ను ఒక తల్లి అడిగింది. బీడీలు చుట్టి బిడ్డను చదివించుకుంటున్న మనిషి, ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వచ్చింది. "నా బిడ్డకు పదహారే ఏసిన్రు మేడం. వేరే బడిల అందరికి ఇరవైకి ఇరవై ఏస్తున్రంట గదా." ఆమె మాటలో న్యాయముంది. 2025 ఫలితాల నుంచి జీపీఏ పోయి మెమో మీద మార్కులే వస్తున్నాయి. బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే ఆధారపడి ఉంది. నాలుగు మార్కులు ఆమెకు నాలుగు మార్కులు కావు. నా నిజాయితీ ఖర్చు ఆ పిల్ల మీద పడకూడదు.

దానికి నా దగ్గరున్న దారి ఒకటే. ఏ పిల్లయినా వారంలోపు మళ్లీ చేసుకొస్తే మళ్లీ మార్కులు వేస్తాను, ఏది ఎక్కువైతే అదే రాస్తాను. 20 తెచ్చుకోవడం ఎవరికైనా సాధ్యమే, పని మాత్రం చేయాలి. "కూసో అక్కా" అని నోట్‌బుక్కు తెరిచి ఆ తల్లికి చూపించాను. ఎడమ పేజీలో ఉన్న బొమ్మ కూడా పుస్తకంలోదే, నీలం ఎరుపు రంగులతో సహా. ప్రాజెక్టులో 5కి 2 వచ్చింది అందుకే. ఆమె కాసేపు చూసి, "షాపుల గుండెకాయ గిట్లుంటదా? గీ నీలం రంగెక్కడిది?" అని బిడ్డనే అడిగింది.

మూడు రోజుల తర్వాత ఆ పిల్ల కొత్త బొమ్మతో వచ్చింది. ఆదివారం ఇంట్లో కూర కోసం తెచ్చిన గుండెకాయను కోయకముందు కూర్చుని గీసిందట. కొవ్వు ఉంది, వాలిన కర్ణిక ఉంది, షాపువాళ్లు పెట్టిన గాటును కూడా గీసి పక్కన "ఇది కత్తి గాటు" అని రాసింది. 4 వేశాను. కవాటాల తాళ్లు వేయలేదేమని అడిగితే, గాటు పడిన చోట తెగిపోయి కనబడలేదని నోటితో చెప్పింది, కాగితం మీద రాయలేదు. రాసి తెస్తే ఐదో మార్కు ఇస్తానన్నాను. ఎఫ్‌ఏ రిజిస్టర్లో ఆ గడిలో 4 పెన్సిలుతోనే రాసి ఉంచాను.