సెకనులో ఎనిమిదో వంతు

హాంకాంగ్‌లో నేథన్ రోడ్డు మీద చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే పదిహేడంతస్తుల పాత భవనం ఉంది. భారతీయుల, పాకిస్తానీల దుకాణాలు, చవక లాడ్జీలు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిల్లాల్సిన నడవాలు. వాంగ్ కార్-వై 1994లో తీసిన ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ అక్కడే మొదలవుతుంది. బంగారురంగు విగ్గు, నల్లకళ్ళద్దాలు, రెయిన్‌కోటుతో బ్రిజిట్ లిన్ జనంలో నడుస్తుంది. సాదా దుస్తుల పోలీసుగా తకేషి కనేషిరో ఎవరినో తరుముతూ పరుగెత్తుతాడు. దీపాలు గీతలవుతాయి, ముఖాలు తడి రంగు మీద చెయ్యి రాసినట్టు అలుక్కుపోతాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అంత అలుకులోనూ ఎవరు ఎవరో, ఎటు పోతున్నారో చూసేవాడికి తెలుస్తూనే ఉంటుంది. నన్ను మళ్ళీ మళ్ళీ ఆ సినిమా దగ్గరికి లాక్కెళ్ళేది ఆ పనితనమే.

ఫిల్ము కెమెరాలో ఆ అలుకు తేవడం ఎంత చుట్టుతిరుగుడు పనో తెలిస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. అందులో షట్టర్ అంటే గుండ్రంగా తిరిగే సగం బిళ్ళ. అది అడ్డం వచ్చిన చీకటి క్షణంలోనే ఫిల్ము ఒక ఫ్రేము కిందికి జరగాలి. కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు మామూలుగా 1/48 సెకనే వెలుతురు దక్కుతుంది. ఎంత సాగదీసినా 1/24ను అందుకోలేదు. అంతకన్నా ఎక్కువ అలుకు కావాలంటే కెమెరానే నెమ్మదిగా తిప్పాలి. సెకనుకు 8 ఫ్రేములు తీశారనుకుందాం. ఒక్కో ఫ్రేముకు 1/16 సెకను దొరుకుతుంది. దాన్ని అలాగే వేస్తే జనం మూడింతల వేగంతో ఉరుకుతారు. అందుకని ల్యాబులో ప్రతి ఫ్రేమునూ మూడుసార్లు అచ్చు వేస్తారు. వేగం మామూలుకు వస్తుంది, అలుకు మాత్రం ఉండిపోతుంది. దీన్నే స్టెప్ ప్రింటింగ్ అంటారు. ఈ సినిమాలోని రెండు కథల్లో మొదటిదాన్ని ప్రధానంగా తీసిన ఛాయాగ్రాహకుడు ఆండ్రూ లావ్ (తర్వాత ‘ఇన్‌ఫెర్నల్ అఫైర్స్’ దర్శకుల్లో ఒకరు), రెండో కథను తీసినది క్రిస్టఫర్ డాయిల్. ల్యాబు నుంచి ప్రింటు వచ్చేదాకా తెరమీద ఏం కనిపిస్తుందో వాళ్ళు కళ్ళతో చూసే వీల్లేదు. అంతా ఊహ మీదా అనుభవం మీదా నడిచింది.

ఇప్పటి మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాలో జరపాల్సిన ఫిల్మే లేదు. సెన్సర్ ఎంతసేపైనా వెలుతురును పోగుచేసుకోగలదు. సోనీ ఆల్ఫా కెమెరాల్లో చాలావాటికి వీడియోలో షట్టర్‌ను 1/4 దాకా దించవచ్చు. 24 ఫ్రేముల వీడియోలో 1/8 పెడితే ఒక్కో బొమ్మ మూడు ఫ్రేముల పాటు నిలుస్తుంది. ల్యాబు చేసిన పనిని కెమెరా అక్కడికక్కడే చేసి తెరమీద చూపిస్తుంది. ఇందుకు 25 కన్నా 24 ఫ్రేములే మేలు. 8తో 24 సమంగా తెగుతుంది, 25 తెగదు.

అయితే రెండూ ఒకటి కావు. ఫిల్ములో 1/16 సెకను తెరిచి, మరో 1/16 సెకను మూసి ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ వల్లే పరుగులో దడ వినిపించినట్టుంటుంది. మిర్రర్‌లెస్‌లో 1/8 పెడితే ఒక గీత ముగిసిన చోటే ఇంకో గీత మొదలవుతుంది. బొమ్మ చిక్కబడుతుంది, మెత్తబడుతుంది. రాత్రి ట్రాఫిక్‌కు అది అందమే. పరుగుకు మాత్రం నేను పాత పద్ధతినే కోరుకుంటాను. అదే కెమెరాలో ఫ్రేముల వేగాన్ని మార్చే స్లో అండ్ క్విక్ మోడ్ తెరిచి, సెకనుకు 8 ఫ్రేములు, షట్టర్ 1/15 పెట్టి తీయాలి. ఎడిటింగ్‌లో వేగాన్ని మూడో వంతుకు తగ్గించాలి. మధ్యలో కొత్త ఫ్రేములు అల్లే సదుపాయాన్ని కచ్చితంగా ఆపేయాలి. ఫలితం ఆండ్రూ లావ్ బొమ్మకు దగ్గరగా వస్తుంది.

వెలుతురు సంగతి సులువే. మామూలు 1/50 నుంచి 1/8కి దిగితే ఆరు రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. రాత్రి వీధిలో అది వరం, 6400 ఐఎస్ఓ 1000కి దిగుతుంది. పగలైతే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు లేకుండా కుదరదు. కొన్ని వాహనాల ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి కనుక, వాటి గీతలు చుక్కలు చుక్కలుగా పడతాయి. నాకు ఆ చుక్కలు ఇష్టం. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఇలా తీసిన అలుకును తర్వాత తుడిచేయడం కుదరదు. అనుమానం ఉంటే అదే షాటును 1/50తో కూడా తీసి పెట్టుకోవాలి.

అసలు పని మాత్రం కెమెరా ముందుంది. అంతా అలుక్కుపోతే అది పాడైన వీడియో. ఏదో ఒకటి నిలబడాలి. ట్రైపాడ్ మీద పెడితే గోడ నిలుస్తుంది, జనం కరుగుతారు. పరుగెత్తే మనిషితో సమానంగా కెమెరాను తిప్పితే మనిషి నిలుస్తాడు, గోడ కరుగుతుంది. మాన్షన్స్ నడవాల్లో బ్రిజిట్ లిన్ విగ్గూ అద్దాలూ చేసే మేలు ఇదే: రేఖలు చెదిరినా ఆ పసుపు ముద్ద చెదరదు.

ఇక రెండో కథలో మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ అనే తినుబండారాల కొట్టు దగ్గరి షాటు. టోనీ లియాంగ్ కాఫీ తాగుతుంటాడు, ఫే వాంగ్ కౌంటరు మీద వాలి అతన్నే చూస్తుంటుంది, ముందునుంచి జనం మసక పట్టీలై దూసుకుపోతుంటారు. ఇక్కడ వేగాన్ని మామూలుకు తేలేదు. కెమెరా నెమ్మదిగా తిరిగింది, దారినపోయేవాళ్ళు తమ మానాన నడిచారు, నటులిద్దరూ ఒళ్ళంతా బిగబట్టి అతి నిదానంగా కదిలారు. సెకనుకు 4 ఫ్రేములతో తీసి 24తో వేస్తే కదలిక వేగం ఆరింతలవుతుంది. కప్పు పెదవులకు చేరడం తెరమీద రెండు సెకన్లు పట్టాలంటే, నటుడు దాన్ని పన్నెండు సెకన్లు ఎత్తాలి. చెయ్యి వణకకూడదు. మధ్యలో వేగం మారకూడదు. చూపు ఎక్కడికీ జారకూడదు. ఇంట్లో ఒక గ్లాసుతో ప్రయత్నిస్తే ఆ కష్టం తెలుస్తుంది. చేతినైతే సాధన చేసి నెమ్మది చేయవచ్చు, తనంతట తాను పడే కనురెప్పను చేయలేం. అది ఎప్పుడూ తన వేగంతోనే పడుతుంది. కాబట్టి ఇలాంటి షాటుకు స్నేహితుణ్ణి నిలబెట్టేవారు ముందుగా కెమెరా గురించి చెప్పడం కాదు, రెప్ప వేయకుండా ఎంతసేపు ఉండగలడో అడగాలి, షాటు నిడివిని దాన్ని బట్టే తేల్చుకోవాలి.